ట్రాక్ డేకి హైదరాబాద్ నుంచి ఎక్కడికి, ఎవరితో, ఏ కారుతో వెళ్లాలి?

మా కార్ల క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఏటా ఒక పోల్ పెడతారు. ఈసారి ట్రాక్ డే, అంటే రేసు ట్రాక్ మీద మనం కార్లు నడుపుకునే రోజు, ఎక్కడ? చెన్నై, కోయంబత్తూరు, నోయిడా. పది నిమిషాలు గడవకముందే ఓట్లన్నీ నోయిడాకి పడతాయి. ఫార్ములా వన్ జరిగిన చోటు కాబట్టి ఆ మోజు సహజమే. పోయినసారి పోల్ పెట్టిన రాత్రి, గ్రూపులో కొత్తగా చేరిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఒక్కసారి పోతే బుద్ధ్‌కే పోవాలె. చిన్న ట్రాక్‌కి పోయి ఏం జేస్తం?" అన్నాడు. బుద్ధ్ అంటే ఆ నోయిడా ట్రాకే. అతనిది ఇంకా ఈఎంఐ నడుస్తున్న స్విఫ్ట్. ట్రాక్ మీద అప్పటికి ఒక్క లాప్ కూడా తిప్పలేదు. గంటకు పైగా మాట్లాడుకున్నాం. ఆ రాత్రి అతనికి చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి వెళ్లేవాళ్లు ట్రాక్ పేరో పొడవో చూసి డబ్బు కట్టకండి. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఎంతసేపు కూర్చుంటారు, ఒకే మలుపు ఆ రోజులో ఎన్నిసార్లు మీ ముందుకు వస్తుంది, ఈ రెండు లెక్కలు అడగండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

"మనకు ఓఆర్ఆర్ ఉందిగా, అంత దూరం దేనికి" అనేవాళ్లు కూడా ప్రతి గ్రూపులో ఉంటారు. 158 కిలోమీటర్ల రింగు, నున్నటి రోడ్డు, తెల్లవారుజామున దాదాపు ఖాళీ. కానీ అక్కడ లిమిట్ 120. ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పందెం పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, పక్క లేన్‌లో ఇంటిల్లిపాదితో తిరుపతి నుంచి వస్తున్న ఇన్నోవా ఉంటుంది. వాళ్లు మన సరదాకి ఒప్పుకోలేదు కదా. పైగా తిన్నటి రోడ్డు మీద 150 తొక్కితే నేర్చుకునేది ఏమీ లేదు. అక్కడ పనంతా ఇంజిన్‌ది. డ్రైవర్ పని మలుపు ముందు మొదలవుతుంది: ఎక్కడ బ్రేక్ వేయాలి, ఎంత గట్టిగా వేయాలి, ఎప్పుడు వదలాలి, చూపు ఎక్కడ పెట్టాలి. అది నేర్చుకోవడానికే ట్రాక్ కావాలి.

ట్రాక్ డే అంటే రేసు కాదు. కప్పులుండవు, స్టార్టింగ్ గ్రిడ్ ఉండదు. అనుభవాన్ని బట్టి గ్రూపులు చేస్తారు. ఒక్కో గ్రూపుకి 15 నుంచి 20 నిమిషాల సెషన్లు రోజుకి నాలుగైదు వస్తాయి. ఓవర్‌టేక్ స్ట్రెయిట్‌లోనే, అది కూడా ముందున్న కారు అతను చెయ్యి చూపించి దారి ఇస్తేనే. నిజంగా రేసు చేయాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ని నడిపే సంఘం) లైసెన్సు, లోపల రోల్ కేజ్ (బోల్తా పడినా కాపాడే ఇనుప చట్రం) ఉన్న కారు, ఇంకా చాలా కావాలి. ఈ తేడా ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. "రేసుకి పోతున్నా" అంటే అమ్మకు పెరిగే బీపీ, "డ్రైవింగ్ నేర్చుకునే క్లాసుకి పోతున్నా" అంటే పెరగదు. రెండో మాటే నిజం కూడా.

సొంత కారా, వాళ్ల కారా?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్తాను.

మన దేశంలో ప్రైవేటు కారు ఇన్సూరెన్స్ పాలసీ తీసి, కారుని దేనికి వాడొచ్చు అనే భాగం చదవండి. ఏర్పాటు చేసిన రేసులు, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి కవర్ లేదని రాసి ఉంటుంది. బంపర్ టు బంపర్, జీరో డెప్ ఏది తీసుకున్నా అంతే. "టైమింగ్ పెట్టట్లేదు కదా, ఇది రేసు కాదు కదా" అని వాదించొచ్చు కానీ, ఆ వాదన గెలుస్తుందనే నమ్మకంతో కారుని గోడ పక్కన తిప్పకూడదు. ట్రాక్ గేటు దాటిన క్షణం నుంచి కారుకి ఇన్సూరెన్స్ లేదనే లెక్కతో వెళ్లండి. పొద్దున సంతకం పెట్టించుకునే ఫారంలో కూడా, ఏం జరిగినా బాధ్యత మీదేనని ఉంటుంది. బారికేడ్‌కి కొడితే దాని ఖర్చు మీరే కట్టాలని కూడా కొన్నిచోట్ల రాస్తారు. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. రేపు ఈ కారు పూర్తిగా పోయినా మీ ఇల్లు మామూలుగా నడుస్తుందా? నడుస్తుందంటే సొంత కారుతో వెళ్లండి. ఈఎంఐ ఇంకా నడుస్తుంటే, లేదా సోమవారం పొద్దున పాపని స్కూల్లో దింపాల్సింది ఆ కారులోనే అయితే, మొదటిసారి వాళ్ల కారుతోనే నేర్చుకోండి.

వాళ్ల కారు అంటే రెండు రకాలు. ఒకటి రేసింగ్ స్కూలు. రెండోది కార్ల కంపెనీలే పెట్టే పర్ఫార్మెన్స్ డ్రైవింగ్ డే.

స్కూలు అంటే మనకు దగ్గర్లో ముఖ్యంగా కోయంబత్తూరు, చెన్నై. పొద్దున థియరీ క్లాసు, తర్వాత ట్రాక్ మీద నడిచి మలుపులు చూడడం, ఆ తర్వాత సింగిల్ సీటర్‌లో గానీ రేసుకి తయారుచేసిన చిన్న కారులో గానీ సెషన్లు. ఫార్ములా ఎల్‌జీబీ లాంటి సింగిల్ సీటర్‌లో ఏబీఎస్ ఉండదు, పవర్ స్టీరింగ్ ఉండదు. బ్రేక్ ఎక్కువైతే టైరు లాక్ అయి పొగ వస్తుంది, అది కళ్లెదురుగానే కనిపిస్తుంది. మన కార్లలో కంప్యూటర్ కప్పిపెట్టే తప్పులన్నీ అక్కడ బయటపడతాయి. ఫీజు చూస్తే క్లబ్ డే కన్నా ఎక్కువే అనిపిస్తుంది. కానీ టైర్లు వాళ్లవి, బ్రేక్ ప్యాడ్లు వాళ్లవి, పెట్రోలు వాళ్లది. ఇవన్నీ కలిపి లెక్కేస్తే తేడా అనుకున్నంత ఉండదు. డ్యామేజీకి ముందుగా ఎంత డిపాజిట్ తీసుకుంటారో మాత్రం అడిగి రాయించుకోండి.

మా గ్రూపులో ఒక డాక్టరమ్మ ఉన్నారు. మేమందరం సొంత కార్లేసుకుని చెన్నై పోతుంటే, ఆవిడ ఒక్కరే విమానంలో కోయంబత్తూరు వెళ్లి రెండు రోజుల స్కూలు చేసొచ్చారు. తర్వాతి ఏడాది మాతో పాటు తన మామూలు ఐ20తో ట్రాక్ మీదికి వచ్చారు. మాకన్నా తక్కువ పవర్ ఉన్న కారు. మధ్యాహ్నానికల్లా మా వెనకే ఉండి, దారి ఇవ్వమని ఓపికగా ఎదురుచూశారు. మేం నాలుగు ట్రాక్ డేల్లో కిందామీదా పడి తెలుసుకున్నది ఆవిడ రెండు రోజుల్లో సరైన పద్ధతిలో నేర్చుకున్నారు. అప్పటినుంచి కొత్తవాళ్లు ఎవరడిగినా ముందు స్కూలు అనే చెప్తున్నాను.

కంపెనీలు పెట్టే రోజుల సంగతి వేరు. జర్మన్ కంపెనీలు వాళ్ల పెద్ద ఇంజిన్ కార్లతో పెడుతుంటాయి. ముందు ఇన్‌స్ట్రక్టర్ కారు, వెనక మూడు నాలుగు కార్లు, చేతిలో వాకీటాకీ, ఆయన వెళ్లిన లైన్‌లోనే మనమూ వెళ్లడం. భద్రత బాగుంటుంది, తిండి బాగుంటుంది, 400 హార్స్ పవర్ అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. కానీ స్టీరింగ్ మీ చేతిలో ఉండేది కాసిని లాప్‌లే. కారు కొనే ఆలోచన ఉంటే వెళ్లండి, పుట్టినరోజుకి ఎవరైనా కానుకగా ఇస్తే సంతోషంగా వెళ్లండి. నేర్చుకోవడానికైతే అది చాలదు.

సొంత కారుకి ఉన్న గొప్ప లాభం కూడా చెప్పాలి. అక్కడ నేర్చుకున్నది రేపు పొద్దున వానలో మియాపూర్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు అదే సీట్లో, అదే పెడల్ మీద పనికొస్తుంది. మీ కారు ఏబీఎస్ ఎలా కొట్టుకుంటుందో, కారు జారకుండా చూసే ఈఎస్‌పీ ఎప్పుడు అందుకుంటుందో, ఏ స్పీడులో ముందు టైర్లు జారడం మొదలెడతాయో ఇంకెక్కడా భద్రంగా తెలుసుకోలేరు. అందుకే నా వరస ఇది: ముందు స్కూలు, తర్వాత సొంత కారుతో క్లబ్ డే.

నాలుగు చోట్లు

చెన్నై అని అందరూ అనేది నిజానికి ఇరుంగాట్టుకోట్టై. శ్రీపెరుంబుదూరు దగ్గర, బెంగళూరు హైవే పక్కన ఉంటుంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. 1990లో మొదలైంది, ఇప్పుడు పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ట్రాక్ మీద ఎవరూ వాటిని పేర్లతో పిలవరు, సీ1, సీ2 అంటూ సీ12 దాకా నంబర్లే. మెయిన్ స్ట్రెయిట్ అయ్యాక వచ్చే సీ1 చాలా వేగంగా తీసుకునే మలుపు. కొత్తవాళ్లకు గుండె జారేది అక్కడే. మొదటి రెండు సెషన్లు అక్కడ ఇన్‌స్ట్రక్టర్ చెప్పినదానికన్నా ముందే బ్రేక్ వేయండి, ఎవరూ ఏమీ అనరు.

మనకు దీని అసలు సౌలభ్యం దూరం. హైదరాబాద్ నుంచి 640 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా ఒంగోలు చేరితే విజయవాడ ట్రాఫిక్ తప్పుతుంది. నెల్లూరు, తడ దాటాక రెడ్‌హిల్స్ దగ్గర చెన్నై వాళ్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవే మీద దిగితే సిటీలోకి వెళ్లే పనే లేదు. ఆ దారిలోనే షోలవరం వస్తుంది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు అక్కడి పాత ఎయిర్‌స్ట్రిప్ మీదే మద్రాసు రేసులన్నీ జరిగేవి. అది దాటేటప్పుడు నేను ప్రతిసారీ ఒకసారి అద్దం దించుతాను.

కోయంబత్తూరులోది కారి మోటార్ స్పీడ్‌వే, చెట్టిపాళయంలో ఉంది. 2003లో మొదలైంది. మారుతి ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో సింగిల్ సీటర్ రేసు కార్లు తయారుచేసి, ఎంతోమంది కుర్రాళ్లను రేసింగ్‌లోకి తెచ్చిన ఎస్. కరివర్ధన్ పేరు దానికి పెట్టారు. పొడవు 2.1 కిలోమీటర్లే. పోల్‌లో ఓట్లు పడనిది అందుకే. నా దృష్టిలో నేర్చుకునేవాళ్లకు అదే దాని బలం.

లెక్క చూడండి. మామూలు రోడ్డు కారుకి కారి ట్రాక్‌లో ఒక లాప్ సుమారు ఒకటిన్నర నిమిషం. 20 నిమిషాల సెషన్‌లో 13 లాప్‌లు. మొదటిది టైర్లు వేడెక్కడానికి, చివరిది కారు చల్లబడడానికి తీసేస్తే 11. ఇరుంగాట్టుకోట్టైలో లాప్ రెండున్నర నిమిషాలనుకుంటే 8, ఆ రెండూ తీసేస్తే 6. బుద్ధ్‌లో చిన్న కారుకి లాప్ మూడు నిమిషాలకు దగ్గర పడుతుంది. అంటే 6 లాప్‌లు, చేతికి దక్కేది 4. రోజుకి నాలుగు సెషన్లు అనుకుంటే ఒక్కో మలుపు కారిలో 44 సార్లు, ఇరుంగాట్టుకోట్టైలో 24 సార్లు, బుద్ధ్‌లో 16 సార్లు వస్తుంది. తప్పు చేశాక దాన్ని దిద్దుకునే అవకాశం కారిలో నిమిషంన్నరకే వస్తుంది. పెద్ద ట్రాక్‌లో అదే మలుపు మళ్లీ వచ్చేసరికి మధ్యలో ఇంకో పదిహేను మలుపులు దాటి ఉంటాం, చేసిన తప్పు గుర్తుండదు.

ఇబ్బంది దూరమే. బెంగళూరు, సేలం మీదుగా 900 కిలోమీటర్ల పైమాటే. సొంత కారుతో అయితే మధ్యలో ఒక రాత్రి ఎక్కడైనా ఆగాలి. స్కూలుకి వెళ్లేవాళ్లకు ఆ బాధ లేదు, శంషాబాద్ నుంచి విమానం ఎక్కితే చాలు. రైలైతే సికింద్రాబాద్‌లో శబరి.

బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ గ్రేటర్ నోయిడాలో, యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఉంది. 5.1 కిలోమీటర్లు, 16 మలుపులు, హెర్మన్ టిల్కె డిజైన్. 2011 నుంచి 2013 దాకా జరిగిన మూడు ఇండియన్ గ్రాండ్ ప్రీలూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. 2023లో మోటోజీపీ కూడా జరిగింది. ట్రాక్ వెడల్పు, ఎత్తుపల్లాలు, పక్కన వదిలిన ఖాళీ స్థలం, ఏది చూసినా మనసు నిండుతుంది. అక్కడ ఒక్కసారైనా నడపాలనే కోరిక నాకూ ఉండేది, తీర్చుకున్నాను, మళ్లీ వెళ్తాను కూడా.

కానీ కొత్త డ్రైవర్‌కి, కంపెనీ ఇచ్చిన బ్రేకులే ఉన్న కారుకి అది కష్టమైన చోటు. వెనక స్ట్రెయిట్ ఒక్కటే కిలోమీటరు దాటుతుంది. బ్రేకులు మింగాల్సిన శక్తి వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. 100 దగ్గర ఆపడానికి ఎంత వేడి పుడుతుందో, 140 దగ్గర దాదాపు రెండింతలు, 180 దగ్గర మూడింతలకు పైగా పుడుతుంది. ప్రతి లాప్‌కీ ఇదే. రోడ్డు కోసం చేసిన ప్యాడ్లు నాలుగో లాప్‌కల్లా వాసనతో తమ సంగతి చెప్తాయి. పైగా హైదరాబాద్ నుంచి నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా 1,500 కిలోమీటర్లు. లీటరుకి 15 ఇచ్చే కారుకి రానూపోనూ 200 లీటర్ల పెట్రోలు. ఇరుంగాట్టుకోట్టైకి అదే 85 లీటర్లు. సెలవులు వేరే. కనీసం రెండు ట్రాక్ డేలు చేశాక, కారుని కంటెయినర్‌లోనో ఫ్లాట్‌బెడ్ మీదో పంపి, మీరు విమానంలో వెళ్లండి.

నాలుగోది పోల్‌లో ఉండదు కానీ అప్పుడప్పుడు గ్రూపులో మాట వస్తుంది: ఇండోర్ దగ్గర పీథంపూర్‌లోని నాట్రాక్స్. అది రేసు ట్రాక్ కాదు, వాహనాలు పరీక్షించే కేంద్రం. 2021లో మొదలైన హైస్పీడ్ ట్రాక్ 11.3 కిలోమీటర్ల పొడవు, రెండు చివర్లా వాలుగా కట్టిన పెద్ద వంపులు. కారు టాప్ స్పీడ్ చూడాలనుకునేవాళ్లకు మంచి చోటు. మలుపు తీసుకోవడం నేర్పదు. వెళ్తే మాత్రం టైరు పక్కన సైజు చివర ఉండే అక్షరం చూసుకోండి. ఎస్ అంటే 180, టీ అంటే 190, హెచ్ అంటే 210, వీ అంటే 240 వరకే. ఆ అంకె దాటి తొక్కితే టైరు ఎప్పుడు పగులుతుందో చెప్పలేం.

మన ఊళ్లో ఉన్నవి చిన్నచూపు చూడకండి. కొంపల్లి వైపు, శంషాబాద్ వైపు గో-కార్టింగ్ ట్రాక్‌లు ఉన్నాయి. కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదు, వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. స్టీరింగ్ ఎక్కువ తిప్పితే స్పీడు చచ్చిపోతుంది. బయటి అంచు నుంచి లోపలికి, మళ్లీ బయటికి వెళ్లే లైన్ ఎందుకో పది నిమిషాల్లో చేతులకు అర్థమవుతుంది. ట్రాక్ డేకి ముందు రెండు ఆదివారాలు అక్కడికి వెళ్లి రండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గోడకి జానెడు దూరంలో అంత వేగంతో తిరిగిన ఆ డ్రైవర్లలో ఎక్కువమంది చిన్నప్పుడు కార్ట్‌లతో మొదలెట్టినవాళ్లే.

ఎవరితో వెళ్లాలి

ట్రాక్ ఏదైనా, నిర్వాహకుల్ని బట్టి రోజు మారిపోతుంది. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి మాట్లాడండి. ఒకసారి ట్రాక్ మీద ఎన్ని కార్లు వదులుతారు? ఇరుంగాట్టుకోట్టైలో కొత్తవాళ్ల గ్రూపుకి పది, పన్నెండు దాటితే నాకు నచ్చదు. ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, పక్కన కూర్చుంటారా, పిట్ (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటు) గోడ దగ్గర నిలబడి చూస్తారా? పొద్దున బ్రీఫింగ్‌కి రానివాళ్లని ట్రాక్ మీదికి వదులుతారా? వదులుతామంటే అక్కడికి వెళ్లకండి, ఎందుకంటే పచ్చజెండాకీ పసుపుజెండాకీ తేడా తెలియని మనిషి మీ వెనకే ఉంటాడు. కార్లు చెక్ చేసే మెకానిక్ ఉంటాడా? కొత్తవాళ్లనీ, రీమ్యాప్ చేసిన (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచిన) సెడాన్లతో వచ్చే పాతవాళ్లనీ ఒకే గ్రూపులో కలిపేస్తారా?

అన్నిటికన్నా ముఖ్యం అంబులెన్సు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌లతో మార్షల్స్, కారుని లాగే రికవరీ బండి. అంబులెన్సు గురించి అడిగితే "ఫోన్ చేస్తే వస్తుంది" అనే జవాబొస్తే, ఎంత తక్కువ ఫీజైనా నేను పేరు ఇవ్వను. అంబులెన్సు బయటికి వెళ్లాల్సి వస్తే, తిరిగొచ్చేదాకా ట్రాక్ ఆపేస్తామని చెప్పే నిర్వాహకులు దొరికితే వాళ్లని వదలకండి.

ఒకే బ్రాండ్ క్లబ్బా, అందరూ వచ్చే క్లబ్బా అంటే నాకు మొదటిదే ఇష్టం. అందరి కార్లూ ఒకేలాంటివి కాబట్టి స్పీడు తేడాలు తక్కువ. ఒకరికి ప్యాడ్లు అరిగిపోతే ఇంకొకరి డిక్కీలో దొరుకుతాయి. ఎస్‌యూవీ ఉన్నవాళ్లు ముందే కనుక్కోండి. ఎత్తు వల్ల బోల్తా పడే భయం ఉండడంతో చాలామంది వాటిని ఒప్పుకోరు.

కారుకి ఏం చేయించాలి, ఏం వద్దు

ట్రాక్ డే అనగానే సైలెన్సర్, రీమ్యాప్, వెడల్పు టైర్లు గుర్తొస్తాయి. అవేవీ వద్దు. ఒక్కదానికే డబ్బు ఉంటే బ్రేక్ ఆయిల్‌కి పెట్టండి. కొన్ని వందల రూపాయల సీసా అది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోతుంది. డాట్ 3కి అయితే 205, 140. సిటీలో ఆ వేడి ఎప్పుడూ రాదు కాబట్టి తేడా తెలియదు. ట్రాక్ మీద వస్తుంది. ఆయిల్ మరిగితే లైన్‌లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ నొక్కితే ఆ బుడగలు అణుగుతాయి తప్ప బ్రేక్ పట్టదు.

నా రెండో ట్రాక్ డేలో ఇదే జరిగింది. వెళ్లేముందు గ్యారేజ్‌లో బ్రేక్ ఆయిల్ మార్పించాను, బిల్లులో రాసి ఉంది, డబ్బు కట్టాను. మూడో సెషన్‌లో బ్రేక్ మీద కాలు పెడితే పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. రెండుమూడుసార్లు గబగబా కొట్టి, గేర్లు దించుకుంటూ ట్రాక్ దిగి మట్టిలోకి వెళ్లి ఆగాను. కారుకి ఏమీ కాలేదు, నాకూ ఏమీ కాలేదు. కాళ్లు మాత్రం పావుగంట వణికాయి. ప్యాడక్‌లో, అంటే ట్రాక్ వెనక కార్లు నిలిపే చోట, మెకానిక్ మూత తీసి చూస్తే లోపల టీ డికాక్షన్ రంగులో పాత ఆయిల్. అప్పటినుంచి ఆయిల్ మారుస్తున్నంతసేపూ కారు పక్కనే నిలబడతాను, సీల్ ఉన్న సీసా నా చేత్తో ఇస్తాను. మీరూ అలాగే చేయండి. ఇంకో తేడా గుర్తుంచుకోండి. పెడల్ మెత్తబడితే మరిగింది ఆయిల్. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కూడా కారు ఆగకపోతే వేడికి పట్టు పోయింది ప్యాడ్లకి. రెండిట్లో ఏదైనా వెంటనే నెమ్మదించి పిట్‌లోకి రావాలి.

తర్వాత టైర్లు. కొత్తవి అక్కర్లేదు, ముసలివి కాకూడదు. పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. అయిదేళ్లు దాటిన టైరుతో నేను ట్రాక్ ఎక్కను. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించాలి, రెండో సెషన్ తర్వాత మళ్లీ చూడాలి. డిక్కీలో స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసాలు, అద్దానికి వేలాడే నిమ్మకాయలు, డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, అన్నీ తీసి ప్యాడక్‌లో భద్రంగా పెట్టండి. మలుపులో ఏది ఎగిరి పెడల్ కిందికి దొర్లినా ప్రమాదమే. ఇంజిన్ ఆయిల్ ఫుల్ మార్కు దగ్గర ఉండాలి, ట్యాంకు పావు కన్నా తగ్గకూడదు. హెల్మెట్ ఫుల్ ఫేస్‌దే, ఐఎస్ఐ గుర్తుది. ఈఎస్‌పీ బటన్ జోలికి వెళ్లకండి.

ఆటోమేటిక్‌లు ఉన్నవాళ్లు అడుగుతుంటారు. ట్రాక్ మీద నడపొచ్చు. కానీ సీవీటీలు, డ్రై క్లచ్ ఉన్న డీఎస్‌జీలు వేడికి త్వరగా అలిసిపోతాయి. సెషన్ సగానికే బయటికి రావడానికి సిద్ధపడండి. ఎలక్ట్రిక్ కార్లదీ అదే కథ, బ్యాటరీ వేడెక్కగానే పవర్ తగ్గించేస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు

చివరి సెషన్ అయ్యాక ఒక లాప్ నెమ్మదిగా తిప్పండి. ప్యాడక్‌లో ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకండి, గేర్‌లో వదిలి చక్రం కింద రాయి పెట్టండి. ఎర్రగా కాలిన డిస్క్‌ని ప్యాడ్ పట్టుకుని ఉంటే అతుక్కుపోయే ప్రమాదం ఉంటుంది. పొద్దున 33 ఉన్న గాలి ట్రాక్ మీద 39, 40కి పెరుగుతుంది కాబట్టి మధ్యలో తీసేసి ఉంటారు. చల్లారాక అదే టైరులో గాలి 28కి కూడా పడిపోవచ్చు. అలాగే హైవే ఎక్కితే నెల్లూరు దాటేలోపు టైరు పోయినా పోవచ్చు. చాలామంది మర్చిపోయేది ఇదే.

ఆ రాత్రికే హైదరాబాద్ బయల్దేరకండి. రోజంతా ఎండలో, హెల్మెట్‌లో, టెన్షన్‌లో ఒళ్లు అలిసిపోయి ఉంటుంది. కళ్లకేమో ఇంకా ట్రాక్ వేగమే అలవాటు, హైవే మీద 120 అంటే నడుస్తున్నట్టే ఉంటుంది. శ్రీపెరుంబుదూరులోనే పడుకుని, పొద్దున గాలి నింపుకుని, నట్లు ఇంకోసారి చూసుకుని, ప్యాడ్లు ఎంత మిగిలాయో చక్రం సందులోంచి టార్చి వేసి చూసి బయల్దేరండి. ఆ తమ్ముడు అలాగే చేశాడు. బుద్ధ్‌కి వేసిన ఓటు మార్చుకుని కోయంబత్తూరు స్కూలుకి వెళ్లొచ్చి, తర్వాత మాతో ఇరుంగాట్టుకోట్టైకి అదే స్విఫ్ట్‌తో వచ్చాడు. మర్నాడు ఒంగోలు దగ్గర టిఫిన్‌కి ఆగినప్పుడు అడిగాడు: "అన్నా, కారికి మళ్లెప్పుడు పోదాం?"